జేబులో అయస్కాంతం వేసుకుని సైకిల్ షాపుకి వెళ్లండి

పదిహేను వేల లోపు సైకిల్ కొనబోయే పెద్దవాళ్లకి నా సలహా మూడు ముక్కల్లో చెబుతాను. షాకప్‌లున్న సైకిల్ వద్దు. డిస్కు బ్రేకులు వద్దు. 21 గేర్లు అసలే వద్దు. ఈ మూడూ వద్దంటే షాపులో కళ్లకి నచ్చే సైకిళ్లలో ముప్పావు వంతు పక్కకి పోతాయి. ఆ మిగిలిన మూల, ఎవరూ పెద్దగా చూడని వరసలో, ఆఫీసుకీ మార్కెట్‌కీ రోజూ పది కిలోమీటర్లు తొక్కదగిన సైకిల్ ఉంటుంది.

నేను మాట్లాడుతున్నది పిల్లల సైకిళ్ల గురించి కాదు. 60 నుంచి 90 కిలోల బరువుండి, వీపున బ్యాగు వేసుకుని, గుంతల రోడ్డు మీద స్పీడు బ్రేకర్లు దాటుకుంటూ వెళ్లే మనిషికి కావలసిన బండి గురించి. రేసులకీ అడవి దారులకీ కొనేవాళ్ల లెక్క వేరు. వాళ్ల బడ్జెట్ కూడా వేరు.

ఆ మూడూ ఎందుకు వద్దంటున్నానో ఒక్కొక్కటిగా చూద్దాం.

చవక సైకిల్ ముందు ఫోర్కులో ఉండే షాకప్ అంటే ఒక స్ప్రింగు, రెండు ఇనుప గొట్టాలు, ప్లాస్టిక్ బుష్‌లు. మోటారు సైకిల్ షాకప్‌లో స్ప్రింగు ఎగరకుండా ఆపే నూనె ఉంటుంది. ఇందులో అది ఉండదు. కాబట్టి గుంతలో పడ్డప్పుడు కుంగుతుంది, వెంటనే ఎగిరి తంతుంది. నిలబడి తొక్కితే మీ కాలి బలంలో కొంత స్ప్రింగుని నొక్కడానికే పోతుంది. ఫోర్కు ఒక్కటే రెండున్నర కిలోల వరకూ తూగుతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపలి గొట్టాలు తుప్పు పట్టి బిగుసుకుపోవచ్చు, లేదా బుష్‌లు అరిగి ముందు చక్రం కదలాడుతుంది. అప్పుడది షాకప్పూ కాదు, గట్టి ఫోర్కూ కాదు. దాన్ని విప్పి బాగుచేసేవాళ్లు మన పంచరు షాపుల్లో దాదాపు ఉండరు. గుంతల దెబ్బని తగ్గించే పని నిజానికి టైరుది. 35 నుంచి 42 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరులో సరిగ్గా గాలి ఉంటే మన ఊళ్ల రోడ్లకి అది చాలు.

డిస్కు బ్రేకు మంచి సంగతే. కానీ మంచి డిస్కు బ్రేకు ఈ ధరలో రాదు. ఇక్కడ వచ్చేది కేబుల్‌తో లాగేది. చాలావాటిలో ఒక పక్క ప్యాడ్ మాత్రమే కదిలి, పల్చటి రేకుని రెండో ప్యాడ్ మీదికి వంచుతుంది. సైకిల్ స్టాండులో పక్క సైకిల్ ఒరిగి ఆ రేకు ఒక మిల్లీమీటరు వంగినా చాలు, ప్రతి చుట్టుకీ ‘స్‌స్’ మంటూ రాసుకుంటుంది. ప్యాడ్లు అరిగితే అదే మోడల్‌వి కావాలి, పక్క వీధిలో దొరకవు. రిమ్‌ని రెండు వైపులా పట్టే వి-బ్రేకుకి రబ్బరు కట్టలు ఎక్కడైనా దొరుకుతాయి, ఐదు నిమిషాల్లో మార్చుకోవచ్చు.

అయస్కాంతం అక్కర ఇక్కడే వస్తుంది. రిమ్ బ్రేకు బాగా పనిచేయాలంటే రిమ్ అల్యూమినియందై ఉండాలి. మెరుగు పెట్టిన ఇనుప రిమ్ తడిస్తే బ్రేకు పట్టు దారుణంగా పడిపోతుంది. వానలో పాత సైకిళ్లు బ్రేకు వేసినా జారుకుంటూ పోయేది ఇందుకే. అల్యూమినియం రిమ్ తడిసినా ఒకటి రెండు చుట్లలో నీళ్లు తుడుచుకుని పట్టేస్తుంది. రంగు వేశాక కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, షాపువాడు రెంటినీ ‘అలాయ్’ అనే అంటాడు. ఫ్రిజ్ మీద బొమ్మలు అతికించే చిన్న అయస్కాంతం తీసుకెళ్లి రిమ్ మీద పెట్టండి. అతుక్కుంటే ఇనుము. ఆ సైకిల్ వదిలేయండి. ఈ ఒక్క పరీక్షకి నేనిచ్చే విలువ మిగతా అన్నిటికన్నా ఎక్కువ.

ఇక గేర్లు. 21 అని స్టిక్కరు మీద రాసి ఉంటుంది కదా, లెక్క వేసి చూద్దాం. ఈ సైకిళ్లలో మామూలుగా ముందు 42, 34, 24 పళ్ల చక్రాలు మూడు, వెనక 14, 16, 18, 20, 22, 24, 28 పళ్లవి ఏడు ఉంటాయి. ముందు పళ్లని వెనక పళ్లతో భాగిస్తే, పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. 42ని 20తో భాగిస్తే 2.10. 34ని 16తో భాగిస్తే 2.13. కాలికి ఆ రెంటి మధ్య తేడా తెలియదు. 42/24, 34/20, 24/14 మూడూ 1.70కీ 1.75కీ మధ్యలోనే ఉంటాయి. 42/28, 34/22, 24/16 మూడూ ఒకటిన్నర దగ్గరే. ఇలా కలిసిపోయినవన్నీ తీసేస్తే మిగిలేవి పన్నెండు, పదమూడు. పైగా ముందు పెద్దదీ వెనక పెద్దదీ, లేదా ముందు చిన్నదీ వెనక చిన్నదీ కలిపితే చెయిను అడ్డంగా లాగి త్వరగా అరుగుతుంది, కాబట్టి అవి వాడకూడదు. మీరు డబ్బు పెట్టింది 21కి, రోజూ వాడేది నాలుగైదు. దానికోసం ముందు చెయినుని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదికి తోసే ఒక డిరైలర్, ఒక షిఫ్టర్, ఒక కేబుల్ అదనంగా మోస్తున్నారు. సెట్టింగు తప్పేవీ, చెయిను పడేసేవీ ఎక్కువగా అవే.

మరి ఎన్ని కావాలి? అది మీ ఊరి నేలని బట్టి. విజయవాడ నుంచి భీమవరం దాకా డెల్టాలో ఉండేవాళ్లకి ఒక్క గేరు చాలు. అక్కడ ఎక్కాల్సినవి ఫ్లైఓవర్లూ కాలవ వంతెనలే. ముందు 44 పళ్లు, వెనక 18 ఉన్న సైకిల్‌ని నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి సుమారు 19 కిలోమీటర్ల వేగం వస్తుంది. మోకాలికి బరువనిపిస్తే వెనక ఫ్రీవీలు 20 పళ్లది వేయించుకోండి. అదే తొక్కుడుకి వేగం 17కి తగ్గుతుంది, ఎదురుగాలిలో ప్రాణం హాయిగా ఉంటుంది. చిన్న ఖర్చుతో పోయే పని. హైదరాబాద్, విశాఖపట్నం అయితే ముందు ఒకటి, వెనక ఏడు తీసుకోండి. ముందుది 38 పళ్లో 40 పళ్లో ఉంటే బంజారాహిల్స్ లాంటి ఎత్తుల్లో కూడా కూర్చునే ఎక్కవచ్చు. 44 ఉంటే చివర్లో లేవాల్సి వస్తుంది.

ఏడు గేర్ల చవక సైకిళ్లలో ఒక లోపం ఉంది, ముందే తెలిసి ఉండటం మంచిది. వెనక చక్రం నడిమి హబ్‌కి ఫ్రీవీలుని మర తిప్పి బిగించే పద్ధతిలో, కుడివైపు బేరింగు ఫ్రీవీలుకి లోపలి పక్కన ఉంటుంది. అక్కణ్ణించి ఫ్రేము దాకా ఇరుసు ఆసరా లేకుండా బయటికి పొడుచుకుని ఉంటుంది. ఏడు పళ్లచక్రాలు పట్టాలి కాబట్టి ఆ దూరం ఎక్కువ. బరువైన మనిషి కూర్చునే గుంతలోకి దింపితే ఇరుసు అక్కడే వంగుతుంది, కొన్నాళ్లకి విరుగుతుంది. 85 కిలోలు దాటినవాళ్లు ఈ ధరలో ఒక్క గేరుదే తీసుకోవడం మేలు. ఏడు గేర్లు తప్పవనుకుంటే గుంత వచ్చినప్పుడు సీటు మీద నుంచి కాస్త లేవడం అలవాటు చేసుకోండి. ఇరుసే కాదు, నడుమూ బాగుంటుంది.

ఇప్పుడు సైజు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటున్నారు. వెనకటికి నల్ల సైకిళ్ల కాలంలో షాపువాడు ‘22 కావాలా, 24 కావాలా’ అని అడిగితే అది ఫ్రేము సైజు. చక్రం ఏ సైకిల్‌కైనా 28 అంగుళాలదే, మనిషి ఎత్తుని బట్టి ఫ్రేము మారేది. ఇప్పుడు 26, 27.5, 29 అని చెబుతున్నవన్నీ చక్రం కొలతలు. ‘మీ హైటుకి 29 కరెక్టు సార్’ అన్న మాటకి అర్థం లేదు. ఐదడుగుల రెండంగుళాల మనిషికీ ఆరడుగుల మనిషికీ ఒకే కొలత చక్రాలతో సైకిళ్లు ఉంటాయి, వేరుగా ఉండాల్సింది ఫ్రేము. చాలా చవక మోడళ్లు ఒక్క ఫ్రేము సైజులోనే వస్తాయి, కాబట్టి ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

ఇంట్లో కొలుచుకోండి. చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక లావుపాటి పుస్తకాన్ని గట్టిగా పైకి లాగిపట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా ఎంతుందో చూడండి. అది 78 సెంటీమీటర్లనుకుందాం. దాన్ని 0.65తో గుణిస్తే సుమారు 51, అంటే 20 అంగుళాల ఫ్రేము. ఇది పై గొట్టం నేలకి సమాంతరంగా ఉండే సైకిల్‌కి. పై గొట్టం వెనక్కి వాలుగా ఉంటే ఒకటి రెండు అంగుళాలు తక్కువదైనా సరిపోతుంది. షాపులో సైకిల్ మీద రెండు కాళ్లూ అటూ ఇటూ వేసి నేల మీద నిలబడండి. గొట్టానికీ మీకూ మధ్య కనీసం మూడు నాలుగు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి.

సీటు ఎత్తు విషయంలో మనందరికీ ఒక చెడ్డ అలవాటు ఉంది. సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేలకి ఆనాలనుకుంటాం. అలా పెడితే తొక్కేటప్పుడు మోకాలు ఎప్పుడూ మడిచే ఉంటుంది, రెండు వారాలకి మోకాలి చిప్ప ముందు నొప్పి మొదలవుతుంది. సైకిల్ నొప్పులు తెస్తుందని మానేసేవాళ్లలో చాలామంది మానాల్సింది ఆ సీటు ఎత్తుని. మడమ పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి దింపినప్పుడు మోకాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. ఆగాల్సి వచ్చినప్పుడు సీటు మీద నుంచి ముందుకి దిగి ఒక కాలు నేల మీద పెట్టాలి. సీటు గొట్టం పైకి లాగేటప్పుడు దాని మీద ఒక గీత కనిపిస్తుంది, అది దాటి బయటికి రానివ్వకండి. దాటితే లోపల పట్టు చాలక ఫ్రేము గొట్టం అక్కడ చీలుతుంది. గీత దాటితే గానీ ఎత్తు సరిపోవట్లేదంటే ఫ్రేము మీకు చిన్నదని అర్థం.

పై గొట్టం లేని సైకిల్‌ని లేడీస్ సైకిల్ అని పక్కన పెట్టేవాళ్లకి ఒక మాట. క్యారియర్ మీద బియ్యం బస్తా కట్టాక కాలు వెనక నుంచి తిప్పి ఎక్కడం కుదరదు. పంచెకట్టుకీ చీరకీ చుడీదార్‌కీ ఒకటే సౌకర్యం. అరవై దాటినవాళ్లు పడిపోయేది ఎక్కువగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే. మార్కెట్ పనికి నన్నడిగితే ఇదే మొదటి ఎంపిక. చున్నీ వేసుకునేవాళ్లు మాత్రం వెనక చక్రానికి జాలీ, చెయినుకి పూర్తి కవరు ఉన్నది చూసుకోవాలి.

ధరల సంగతి. ఇప్పుడు పాతకాలపు నల్ల సైకిల్ సుమారు ఐదారు వేల నుంచి మొదలవుతుంది. గట్టి ఫోర్కు, అల్యూమినియం రిమ్ములు ఉన్న ఒక్క గేరు సైకిల్ ఎనిమిది నుంచి పన్నెండు వేలు, ఏడు గేర్లదైతే పదిహేను వేల దగ్గర. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కాక పది వేలున్న సైకిల్‌కి అది ఏడు వందల తేడా, బిల్లు మీద ఏ రేటు వేశారో చూడండి. సైకిల్‌కి పెట్టినది కాక మరో రెండున్నర మూడు వేలు పక్కన ఉంచండి. తాళం, ముందు వెనక లైట్లు, హెల్మెట్, చేతి పంపు, మడ్‌గార్డులు, క్యారియర్. పన్నెండు వేలూ సైకిల్‌కే పోసి లైటు లేకుండా రాత్రి తొక్కడం కన్నా తొమ్మిది వేల సైకిల్ కొని మిగతావి అమర్చుకోవడం తెలివైన పని. కొనేముందు ఫ్రేముకి మడ్‌గార్డూ క్యారియర్ బిగించే రంధ్రాలున్నాయో లేదో చూసుకోండి.

నల్ల సైకిల్‌ని తీసిపారేయలేను. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, లూధియానాలో 1956లో మొదలైన హీరో, మద్రాసు టీఐ సైకిల్స్ వాళ్ల హెర్క్యులిస్, బీఎస్‌ఏ అందరూ కొంచెం అటూ ఇటూగా ఒకే నమూనా చేశారు. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున, మూతపడింది. అయినా ఆ సైకిల్‌కి టైరు, చెయిను, కాటర్ పిన్ను, గోళీలు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి, విప్పి బిగించే మేస్త్రీ కూడా ఉంటాడు. ముందు 32, వెనక 40 పుల్లలుండే ఆ చక్రాలు ఎంత బరువైనా మోస్తాయి. లోపాలు రెండు. స్టాండు, క్యారియర్‌తో కలిపి ఇరవై కిలోల పైన తూగుతుంది. రిమ్ములు ఇనుపవి, వానలో బ్రేకు నమ్మకం లేదు. పల్లెలో, డెల్టాలో, నెమ్మదిగా తొక్కేవాళ్లకి ఇప్పటికీ అది మంచి బండి. సిటీ ట్రాఫిక్‌లో వద్దు.

నచ్చిన సైకిల్ ముందు నిలబడ్డాక పది నిమిషాలు తీరిగ్గా చూడండి. షాపువాళ్లు తొందరపెట్టినా సరే. చక్రం ఎత్తి తిప్పి, బ్రేకు రబ్బరుకీ రిమ్‌కీ మధ్య సందు చూడండి. ఆ సందు ఒకటి రెండు మిల్లీమీటర్లకి మించి హెచ్చుతగ్గులైతే బెండు తీయించమనాలి. పుల్లల్ని వేలితో మీటండి. వెనక చక్రంలో కుడివైపు పుల్లలన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి. కొన్ని ‘టంగ్’ అని, కొన్ని చప్పగా పలికితే వదులుగా ఉన్నవి ప్రతి చుట్టుకీ వంగి లేస్తూ మెడ దగ్గర తెగుతాయి. పుల్ల తెగేది బిగువు ఎక్కువై కాదు, ఎక్కువసార్లు వదులై. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి, హ్యాండిల్ దగ్గర టక్ టక్ అంటే బాల్‌రేసు బిగించలేదన్నమాట. పెడళ్లు బిగించి ఉండే చేతులు (క్రాంకులు) రెండూ పట్టుకుని పక్కకి కదపండి, అసలు కదలకూడదు.

పెట్టెలో సగం విడిగా వచ్చిన సైకిల్‌ని షాపులోనో ఇంట్లోనో బిగిస్తారు కదా, అక్కడ మామూలుగా జరిగే తప్పులు రెండున్నాయి. ఒకటి, ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉండగానే హ్యాండిల్ బిగించేయడం. ఫోర్కు కాళ్ల వంపు ముందుకి ఉండాలి, బ్రేకు కూడా ముందు వైపే కనిపించాలి. తిరగబడితే హ్యాండిల్ నిలవదు, పాదం చక్రానికి తగులుతుంది. రెండోది పెడల్. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, అపసవ్యంగా తిప్పితే బిగుస్తుంది. ఎల్, ఆర్ అక్షరాలు చూడకుండా కుడిదాన్ని ఎడమ పక్క బలవంతంగా ఎక్కిస్తే అల్యూమినియం మర మొత్తం కొరుక్కుపోతుంది. దానికి వైద్యం లేదు, ఆ చేయి మార్చాల్సిందే.

గాలి విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ మన దగ్గర చాలా పంచర్లు గాలి తక్కువై వచ్చేవే. గుంత అంచుకి టైరు పూర్తిగా నలిగి, రిమ్‌కీ రాయికీ మధ్య ట్యూబు నొక్కుకుపోతే పక్కపక్కనే రెండు కాట్లు పడతాయి. మేకు ఏదీ దొరకకుండా రెండు చిల్లులు కనిపిస్తే అది మీ గాలి తప్పు. 38 మిల్లీమీటర్ల టైరుకి 75 కిలోల మనిషైతే వెనక 55 నుంచి 60, ముందు 45 నుంచి 50 పీఎస్‌ఐ ఉంచండి, టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠం దాటకుండా. ట్యూబు వాల్వ్ మోటారు సైకిల్ రకందైతే పెట్రోలు బంకులో పట్టుకోవచ్చు, కానీ సైకిల్ ట్యూబు సెకన్లలో నిండుతుంది, కొద్దికొద్దిగా ఆపి కొట్టించాలి. సన్నని వాల్వ్ ట్యూబు తొడిగే పాత రకమైతే ఆ రబ్బరు ఎండకి చీలి గాలి తగ్గుతుంది. పంచరు వేయించే ముందు ఆ రబ్బరు మార్చి చూడండి.

సెకండ్ హ్యాండు కొనడం నిజానికి అన్నిటికన్నా మంచి బేరం. అపార్ట్‌మెంట్ల పార్కింగులో దుమ్ము పట్టి, నాలుగు వారాలు తొక్కి వదిలేసిన సైకిళ్లు ఎన్నో. సగం ధర దాటి ఇవ్వకండి, ఎందుకంటే టైర్లు, ట్యూబులు, కేబుళ్లు ఎలాగూ మార్చాలి, గ్రీజుతో ఓవరాలింగ్ చేయించాలి. ఫ్రేములో హ్యాండిల్ కింద గొట్టాలు కలిసేచోట వేళ్లతో తడమండి. రంగు అడ్డంగా పగిలినా, గొట్టం కింద ఉబ్బు తగిలినా అది ఎక్కడో గుద్దుకున్న సైకిల్, ఊరికే ఇచ్చినా వద్దు. చెయినుని స్కేలుతో కొలవండి. ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలి తర్వాతి దాన్ని ఒకటిగా లెక్కపెడితే, 24వ పిన్ను మధ్య దాకా సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగితే చెయిను మార్చాలి. మూడు మిల్లీమీటర్లు పెరిగి ఉంటే ఫ్రీవీలు కూడా అరిగిపోయే ఉంటుంది, ఆ రెంటి ధరా బేరంలో తగ్గించండి. పెడల్ ఇరుసు గొట్టం కింద కొట్టిన నంబరు గీకేసి ఉంటే ఆ సైకిల్ జోలికి పోవద్దు.

కొన్నాక ఒక పని మిగిలి ఉంటుంది, అది చేయించేవాళ్లు తక్కువ. మొదటి 150, 200 కిలోమీటర్లలో కొత్త పుల్లలు తమ చోట్లో సర్దుకుని వదులవుతాయి, బ్రేకు కేబుళ్లు సాగుతాయి, పెడల్ చేతుల బోల్టులు జారతాయి. ఈ మూడోది అన్నిటికన్నా ప్రమాదం. వదులైన చేతితోనే పది కిలోమీటర్లు తొక్కినా నలుచదరపు రంధ్రం గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. కాబట్టి నెల తిరిగేలోపు సైకిల్‌ని షాపుకి తీసుకెళ్లి ఆ బోల్టులు బిగించమని, రెండు చక్రాలూ బెండు తీసి పుల్లలు సరిచేయమని అడగండి. చాలా షాపుల్లో మొదటి సర్వీసు ఉచితం. ఒక్క గేరు సైకిలైతే వెనక ఇరుసు నట్లు కూడా 15 నంబరు స్పానరుతో బిగించుకోవాలి. అవి వదులైతే గట్టిగా తొక్కినప్పుడు చెయిను కుడివైపు ఇరుసుని ముందుకి లాగి, టైరు ఎడమ పక్క ఫ్రేముకి రాసుకుంటుంది. బిగించే ముందు చెయినుని మధ్యలో వేలితో ఎత్తి చూడండి, ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లు ఆడాలి.